పట్టూ విడుపూ

మొదటి రోజు ఆవిడ గిటారు నా చేతికివ్వలేదు.
"ముందు కూర్చో" అంది.

యాభై మూడేళ్ళుగా కూర్చుంటూనే ఉన్నాను,
పడవ అంచు మీద, తాడు చుట్టల మీద,
బోర్లించిన చేపల బుట్టల మీద.
కూర్చోవడం కూడా నేర్పుతారా?

నేర్పుతారట.
చేతుల్లేని కుర్చీ. అంచుకి జరగాలి.
వెన్నుని కుర్చీకి అప్పజెప్పి ఊరుకోకూడదు,
అలాగని కవాతులో సిపాయిలా బిగదీయనూ కూడదు.
ఎడమ పాదం కింద పాలపొడి డబ్బా.
కదలకుండా దాన్నిండా ఇసుక పోసి ఉంచింది దోనా జుల్మీరా.
మోకాలు లేచాక, అప్పుడు తెచ్చి పెట్టింది
తొడ మీద గిటారుని,
దాని నడుం వంపు నా తొడకి సరిగ్గా ఆనేలా,
మెడ కాస్త పైకి, గాలి కోసం చూస్తున్న తెరచాప కొయ్యలా.
"ఇప్పుడు రెండు చేతులూ వదిలెయ్."
వదిలేశాను.
పడలేదు.
"చూశావా, మోసేది నీ ఒళ్ళు. చేతులకి వేరే పనుంది."

నా చేతులకి తెలిసిన పని ఒకటే.
వల లాగేటప్పుడు తాడు జారితే పోయేది చేపలొక్కటే కాదు,
ఓసారి మా తమ్ముడు ఎవరిస్తు చూపుడువేలు పోయింది.
అందుకే ఏది పట్టుకున్నా
సముద్రం లాక్కుపోతుందన్నట్టే పట్టుకుంటాను,
కాఫీ గ్లాసుని కూడా.
నాతో నాట్యమాడిన మర్నాడు
అర్లిందా మోచెయ్యి కమిలి ఉంటుంది.

గిటారు మెడనీ అలాగే పట్టాను.
బొటనవేలు వెనక నుంచి పైకి పాకింది,
మణికట్టు మడత పడింది,
భుజాలు చెవుల దాకా వచ్చి నిలబడ్డాయి
కబురేదో వినడానికొచ్చినట్టు.
తీగ పాడలేదు. టక్కుమంది,
చెక్క మీద గులకరాయి పడ్డట్టు.

దోనా జుల్మీరా నవ్వలేదు, కోప్పడలేదు.
నలభై ఏళ్ళు రొట్టెలు కాల్చిన చేతితో
నా బొటనవేలిని మెడ వెనక్కి దించింది.
"వేలు మెట్టు మీద కాదు, మెట్టుని ఆనుకుని పెట్టు.
ఇప్పుడు నొక్కు తగ్గించు.
ఇంకా.
ఇంకా."
తీగ జీరగా జుమ్మంది, తేనెటీగ సీసాలో చిక్కినట్టు.
"ఇక ఒక్క పిసరు పెంచు. ఆగు."

స్వరం విడివడింది.

అంతేనా?
అంతేనట. రొట్టె ఉడికిందో లేదో
వేలితో తాకి చూసేంత.
ఇన్నేళ్ళూ ఎంత బలం దుబారా చేశానో లెక్క కట్టబోయి
మానేశాను.

మూడు వేళ్ళ పట్టు దగ్గర మళ్ళీ పళ్ళు బిగించాను.
ఆవిడ కిటికీ తెరిచింది.
సహారా దుమ్ములో మసగ్గా,
అఖాతానికి అవతల, వెల్లకిలా పడుకున్న మనిషి మొహంలా
మోంతి కారా కొండ.
"దాని దవడ చూడు" అంది.
అంతకుమించి ఏం చెప్పలేదు.
పుట్టినప్పటినుంచీ చూస్తున్న కొండే,
దానికో దవడ ఉందని, అది వదులుగా ఉందని
ఆవేళ చూశాను. ఊపిరి వదిలాను.
ఎప్పట్నుంచి బిగబట్టానో మరి.

ఆ సాయంత్రం ఇంట్లో
కాఫీ గ్లాసుని కొత్త పద్ధతిలో పట్టుకున్నాను.
జారి, భళ్ళున పగిలింది.
"పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి, మహానుభావా"
అని అర్లిందా చీపురు తెచ్చింది.
నవ్వు ఆపుకోలేక మళ్ళీ గోడకి ఆనుకుంది.

ఇది ఐదో నెల.
ఉప్పుకి పగిలిన వేలికొసల మీద తీగల గీతలు.
రోజుకి పావుగంట, నొప్పెడితే ఆపమంది.
నొప్పికి ఆగడం నాకు పడవ నేర్పలేదు,
అది కూడా కొత్త పాఠమే.
చూపుడువేలితో ఆరు తీగలూ ఒకేసారి అణిచే పట్టు
ఇంకా రాలేదు. రెండు తీగలు మూగనోము పడతాయి.

నిన్న రాత్రి నడిసముద్రంలో వల లాగుతూ
భుజాలు దించాను.
పక్కనున్న జిజిన్యో "నిద్రొస్తోందా?" అని అరిచాడు.
వల మాత్రం ఎప్పట్లాగే వచ్చింది.

డబ్బా అడుగు తుప్పు పట్టింది.
పాఠం అయ్యేసరికి నా పాదం పక్కన
పిడికెడు ఇసుక.
దోనా జుల్మీరా దాన్ని చేత్తో ఎత్తి
మళ్ళీ లోపల పోస్తుంది.